వానపాముల సస్పెన్షన్

అరటికాయల వ్యాపారంలో లాభం గెల అమ్మినప్పుడు కాదు, కాడ పారేసినప్పుడు తెలుస్తుందని కొత్తమాసు భద్రయ్య నమ్మకం. గెలని ఎవడైనా అమ్ముతాడు. కాడని ఏం చేశాడన్నదాన్ని బట్టి వాడు వ్యాపారస్తుడో, గెలకీ గిరాకీకీ మధ్య ఊరికే నిలబడ్డ మనిషో తేలిపోతుంది.

చింతలంక ఊళ్లో గోదావరి గట్టు దిగువన ఆయన మండీ. లంకతోటల నుంచి చక్కెరకేళి, కర్పూరం, అమృతపాణి గెలలు ఎండాకు చుట్టుకుని దిగేవి. గెల నుంచి పళ్ల అత్తాలు కోసి అమ్మాక మిగిలేవి కాడలు, ఆకులు, చితికిన పళ్లు. పక్క మండీల వాళ్లు వాటిని కాలవలో పారేసి, కాలవ పొంగినప్పుడు మునిసిపాలిటీని తిట్టేవారు. భద్రయ్య మాత్రం మండీ వెనక గొయ్యి తవ్వించి, చెత్త అందులో వేయించి, పేడనీళ్లు చల్లించి, గోనెపట్టాలు కప్పి తన పని తాను చూసుకునేవాడు. ఆ గొయ్యిలోకి వానపాములు ఎప్పుడు వచ్చాయో ఆయనకి తెలియదు. తిండి దొరికేచోటికి పనివాళ్లు పిలవకుండానే వస్తారు. కుళ్లినదాన్ని ఒక కొస నుంచి తిని, రెండో కొస నుంచి టీపొడిలాంటి నల్లటి ఎరువుగా అప్పజెప్పేవి. గెలలు దింపిన లంకరైతులు తిరుగుబళ్లలో ఆ ఎరువు ఎత్తుకుపోయేవారు. తోటలోంచి వచ్చింది తోటకే చేరేది. మధ్యలో ఎవరికీ నష్టం లేదు, భద్రయ్యకి కాస్త మిగులు కూడా.

"వానపాము అడిగేవి మూడంటే మూడే మాణిక్యం," అన్నాడు ఒకరోజు భోజనం చేస్తూ భార్యతో. "చీకటి, చెమ్మ, దాని జోలికి ఎవరూ రాకపోవడం. ఇంత చవగ్గా కుదిరే పనివాడు ఇంకెక్కడా దొరకడు."

"నేనూ ఆ మూడేగా అడిగాను," అంది మాణిక్యాంబ చారు వడ్డిస్తూ. "వంటింటికి చీకటి ఇచ్చారు. కప్పు కారుతోంది కాబట్టి చెమ్మా ఇచ్చారు. మూడోది ఇంకా బాకీ."

ఇలా సాఫీగా నడుస్తున్న బండికి అడ్డంగా కమిషనరు గారు వచ్చారు.

చింతలంక పురపాలక సంఘం కమిషనరు గారు ఆ వేసవిలో ఏదో పెద్ద నగరంలో శిక్షణకి వెళ్లి, వానపాములతో తిరిగొచ్చారు. అంటే పాములు తేలేదు, పాముల మీద ప్రేమ తెచ్చారు. అంతకుముందు ఏడాది శిక్షణ నుంచి ఆయన యోగాసనాలు తెచ్చారు. చెత్తబళ్ల డ్రైవర్లందరూ బళ్లు వదిలేసి పొద్దున్నే శవాసనం వేసేవారు. ఊరివాళ్లు ఆ వాసన ఇంకా మరచిపోలేదు. ఈసారి టౌనుహాల్లో సభ పెట్టి, "మట్టిలోని మౌనకార్మికుణ్ణి పాలనావ్యవస్థలోకి సాదరంగా ఆహ్వానిస్తున్నాం" అని ప్రకటించారు.

ఆ ఆహ్వానం భద్రయ్యకి నోటీసు రూపంలో అందింది. తెచ్చినవాడు శానిటరీ ఇనస్పెక్టరు త్రిమూర్తులు. చెత్త అంటే సరిపడదు కాబట్టి జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకునే మాట్లాడతాడు.

"ఏం లేదు శెట్టిగారూ. ఇకమీదట ఎవరి గొయ్యి వాళ్లు పెట్టుకోడానికి లేదు. మీ వెనక గోడ అవతల మన వానపాముల కేంద్రం కట్టించాం. మార్కెట్టు చెత్తంతా అక్కడికే పోవాలి. మీ చెత్తని వానపాములు తిన్నట్టు అక్కడ ధ్రువపత్రం ఇస్తారు. అది జతపరిస్తేనే మీ మండీ లైసెన్సు మళ్లీ రాసేది."

"నా లైసెన్సు ఆషాఢంతో అయిపోతోందండి."

"అయితే ఆషాఢంలోపు తినిపించండి."

భద్రయ్య వేళ్ల మీద నెలలు లెక్కేశాడు. ఆషాఢం తరవాత వచ్చేది శ్రావణం. శ్రావణంలో ప్రతి ఇంట్లో వ్రతం, ప్రతి వ్రతానికీ అరటిపళ్లు. ఏడాదంతా చేసే వ్యాపారం ఒక ఎత్తు, ఆ నెల ఒక్కటే ఒక ఎత్తు. లంకరైతులకి అప్పుడే మాట ఇచ్చేశాడు. గెలలు చెట్ల మీద ముదురుతున్నాయి. లైసెన్సు లేకపోతే మండీకి తాళం పడుతుంది. అరటిపండుకి సంతకం కోసం ఆగే ఓపిక ఉండదు.

"మీకు పాములు కావాలంటే నా గొయ్యిలో ఉన్నాయండి. ఊరికే ఇస్తాను. ఇవాళే పని మొదలెట్టేయొచ్చు," అన్నాడు.

"ఊరికే తీసుకునే పద్దు మా దగ్గర లేదు శెట్టిగారూ."

"పోనీ కొనుక్కోండి."

"వానపాములు కొనే పద్దూ లేదు. కమిషనరు గారు పుస్తకమంతా తిరగేసి చూశారు. కుక్కలు పట్టే పద్దుంది, దోమలు చంపే పద్దుంది. బతికున్నదాన్ని కొని పోషించే పద్దు మునిసిపాలిటీలో ఎక్కడా లేదు. కూలీల పద్దులో మాత్రం సొమ్ము మిగిలుంది." త్రిమూర్తులు గొంతు తగ్గించాడు. "అందుకని పాముల్ని పనిలోకి తీసుకుంటున్నాం. పారిశుధ్య సిబ్బందిగా. కాంట్రాక్టు పద్ధతి మీద."

భద్రయ్య నవ్వలేదు. అవతలివాడు ఎంత వింత ధర చెప్పినా ముఖం మారనివ్వకూడదన్నది బేరంలో మొదటి పాఠం.

మర్నాడు కాంట్రాక్టరు మనుషులు వచ్చి, భద్రయ్య గొయ్యిలోంచే బుట్టలతో పాములు ఎత్తుకుని, గోడ చుట్టూ తిరిగి అవతల సిమెంటు తొట్లలో దింపారు. ఆ విధంగా ఆయన గొయ్యిలో పుట్టి పెరిగినవాటికి ప్రభుత్వోద్యోగం వచ్చింది. భద్రయ్య మండీ చెత్త కూడా వాటి వెనకే వెళ్లింది. ఉన్న ఊళ్లోనే, తెలిసిన తిండితోనే ఉద్యోగం దొరకడం అందరికీ రాసిపెట్టి ఉండదని మాణిక్యాంబ అంది.

అసలు చిక్కు మర్నాడు తెల్లవారాక మొదలైంది. పారిశుధ్య సిబ్బంది ఎవరైనా సరే పొద్దున పనిలోకి వచ్చినప్పుడొకసారి, సాయంత్రం దిగేటప్పుడొకసారి హాజరు ఫోటో దిగాలి. ముఖం కనపడాలి. అది రూలు. పాములకి మినహాయింపు ఇచ్చే అధికారం చింతలంకలో ఎవరికీ లేదు. కాబట్టి మేస్త్రీ గంగులు పారతో తొట్టి తిరగేసి, వాటిని పైకి తీసి, తెల్లటి పాలిథిన్ పట్టా మీద ఎండలో వరసగా పరిచేవాడు. అవి వరసలో ఉండేవి కావు.

గోడ మీంచి చూస్తున్న భద్రయ్య ఉండబట్టలేక అడిగాడు. "ఏం గంగులూ, అవతలి కొసకి ఫోటో తీస్తున్నావేమో?"

"అదే తెలవడం లేదండి. ఏపు మొకవో, ఏపు ఇంకోటో. ఇనస్పెక్టరుగారు రెండేపులా తియ్యమన్నారు."

"రెండువైపులా తీస్తే ఇద్దరు మనుషుల కింద రాస్తారేమో చూసుకో."

"అప్పుడే రాసేత్తన్నారండి," అన్నాడు గంగులు.

వారం తిరక్కుండా కేంద్రం తనిఖీకి కమిషనరు గారు స్వయంగా వచ్చారు. తొట్టిలోకి వంగి చూసి, "సిబ్బందిని చీకట్లో పనిచేయిస్తున్నారా?" అని అడిగారు. కార్మికుల భద్రత దృష్ట్యా పనిస్థలంలో తగినంత వెలుతురు ఉండవలెను. కనక ప్రతి తొట్టికీ ఒక పెద్ద లైటు వేలాడదీశారు. తడి నేల మీద జారిపడే ప్రమాదముంది కాబట్టి నీళ్లు చల్లడం ఆపించారు. పారదర్శక పాలన అన్నారు కాబట్టి పైన కప్పిన గోనెపట్టాలు తీయించారు. ఆదివారం సెలవు కాబట్టి ఆ రోజు తిండి వేయొద్దన్నారు. పారిశుధ్య సిబ్బంది వేసుకునే ఆకుపచ్చ కోట్లు కూడా వచ్చేవే. కొలతలు తీసుకోవడానికి వచ్చిన దర్జీ తొట్టిలోకి ఒకసారి చూసి, కొలతల టేపు చుట్టుకుని వెళ్లిపోయాడు. ఆ ఒక్కడే ఈ వ్యవహారంలో తన పని తాను చూసుకున్నాడని భద్రయ్య అనుకున్నాడు.

మండీ చెత్త మాత్రం తొట్లలో వేసింది వేసినట్టే ఉంది. కాడ కాడలాగే ఉంది. ఆషాఢం దగ్గరకొస్తోంది.

గంగులు పార తగిలి పాములు తెగేవి. తెగిన ముక్కలు రెండూ కాసేపు కదిలేవి. కదిలేదాన్ని హాజరు లేదని ఎలా రాస్తారు? రెండు ముక్కలకీ వేరువేరుగా హాజరు వేశారు. ఆ విధంగా చెత్త కాస్తయినా తగ్గకపోయినా సిబ్బంది సంఖ్య రోజురోజుకీ పెరిగింది. కమిషనరు గారు దీన్ని "శ్రామిక శక్తి విస్తరణ"గా పై అధికారులకి రాశారు. వెంటనే అభ్యంతరం వచ్చింది. మంజూరైన పోస్టుల కన్నా ఎక్కువ మంది ఎలా పనిచేస్తున్నారని. అదనపు సిబ్బందిని గుర్తించి తొలగించేలోగా, అసలు సిబ్బంది కూడా తగ్గిపోవడం మొదలైంది. కొన్ని ఎండకి పోయాయి. మిగిలినవి తొలకరి వాన పడిన రాత్రి తొట్టి అంచు దాటి, గోడ కిందగా జారుకున్నాయి.

తొట్లకి మెమోలు అంటించారు. "విధులకు అనధికారికంగా గైర్హాజరైన కారణంగా మీపై క్రమశిక్షణ చర్య ఎందుకు తీసుకొనరాదో లిఖితపూర్వకంగా సంజాయిషీ ఇవ్వవలెను." గడువు దాటినా ఒక్క పామూ సంజాయిషీ ఇవ్వలేదు. దీన్ని ధిక్కారంగా పరిగణించారు.

ఆ పరిగణన భద్రయ్య మెడకి చుట్టుకుంది. త్రిమూర్తులు మండీ వెనక్కి వచ్చి, మూసేసిన పాత గొయ్యి దగ్గర నిలబడ్డాడు. అడుగున ఇంకా కాస్త పాత చెత్త ఉంది, మీద చిరిగిన గోనెపట్టా ఉంది. జేబురుమాలు ఒక చేత్తో పట్టుకుని రెండో చేత్తో పట్టా ఎత్తాడు. కింద పాములు గుత్తులు గుత్తులుగా ఉన్నాయి.

"ఇవి మావే," అన్నాడు.

"ఎలా చెప్తారండి? నా గొయ్యి ఇది. దీంట్లో ఎప్పట్నుంచో ఉన్నాయి."

"అక్కడ పని ఎగ్గొట్టి ఇక్కడ పనిచేస్తున్నాయి కదా. ప్రభుత్వ సిబ్బందే. మా వాళ్లని నేను గుర్తుపట్టలేనా? పరారైన సిబ్బందికి ఆశ్రయమిచ్చారని మీ మీద రాయమంటున్నారు శెట్టిగారూ. లైసెన్సు సంగతి ఇక మరిచిపోండి."

భద్రయ్య ఆయన్ని లోపలికి తీసుకెళ్లి, అప్పుడే మాగిన చక్కెరకేళి అత్తం ఒకటి ముందు పెట్టాడు. తినేవాడి జేబురుమాలు ముక్కు దిగక తప్పదు. ముక్కు బయటపడ్డ మనిషితో బేరం తేలిక.

"ఇనస్పెక్టరుగారూ, మీ ఆఫీసులో పని చెయ్యనివాణ్ణి ఏం చేస్తారండి?"

"ఏమీ చెయ్యం."

"అలా కాదండి. ఏదో ఒకటి చేసి తీరాలి, పై నుంచి కాగితం వచ్చింది. అప్పుడు?"

త్రిమూర్తులు రెండో పండు ఒలుస్తూ ఆలోచించాడు. "సస్పెన్షన్."

"సస్పెన్షన్లో ఉన్నవాడు హాజరు వెయ్యాలాండి?"

"అక్కర్లేదు."

"ఆఫీసులోకి ఎవరైనా తొంగిచూసి, వీడు పనిచేస్తున్నాడా లేదా అని..."

"పనిచెయ్యకూడదు కదా. ఇంక చూడ్డమెందుకు? ఊరు మాత్రం దాటకూడదు. జీవనభృతి ఇవ్వాలి."

"భృతి అంటే పాములకి పేడేనండి. నీళ్లు కూడా భృతి కిందికే వస్తాయేమో చూడండి."

"వస్తాయి," అన్నాడు త్రిమూర్తులు. ఆయన ముఖం విచ్చుకుంది. "దాహానికి ఇవ్వకపోతే మానవ హక్కులు."

"ఊరు దాటకుండా ఉండాలంటే తొట్లు మూసి సీలు వెయ్యాలి. లైటు తీసెయ్యాలి, సస్పెండైన సీటుకి కరెంటు దండగ. ఇదంతా మీకు తోచినట్టే కమిషనరు గారికి చెప్పండి. నా పేరెందుకు?"

కమిషనరు గారికి ఈ ఆలోచన అపారంగా నచ్చింది. వానపాముల గురించి ఆయనకి తెలిసింది శిక్షణలో విన్నంతే. సస్పెన్షన్ గురించి తెలియనిది లేదు. సామూహిక సస్పెన్షన్ ఉత్తర్వులు ఆ సాయంత్రమే వెలువడ్డాయి. పరారీలో ఉన్నవాటిని భద్రయ్య బుట్టలకెత్తి, రసీదు తీసుకుని అప్పజెప్పాడు. తొట్ల మీద గోనెపట్టాలు కప్పి, లక్క ముద్రలు వేశారు. గంగులు పార గోడకి ఆనించి పడుకున్నాడు. వారానికోసారి పట్టా మీదే పేడనీళ్లు చల్లి, 'భృతి చెల్లించడమైనది' అని రాసుకునేవాడు. ఆ తరవాత ఆ చుట్టుపక్కలకి ఎవరూ పోలేదు. సస్పెండైనవాళ్లని పలకరిస్తే తమకీ అంటుకుంటుందని ఆఫీసులో ఒక భయం ఉంది.

ఆషాఢం చివర లైసెన్సు గడువు రేపో మాపో ముగుస్తుందనగా, విచారణ నిమిత్తం ముద్రలు విప్పారు. భద్రయ్యని సాక్షిగా పిలిచారు. పట్టాలు తీశారు. కాడ లేదు, ఆకు లేదు, తొక్క లేదు. తొట్టి నిండా టీపొడిలాంటి నల్లటి మట్టి. వానకి తడిసిన పొలం వాసన వేస్తోంది. త్రిమూర్తులు అలవాటుగా జేబురుమాలు తీసి, అవసరం లేదని గ్రహించి, ఏం చెయ్యాలో తెలియక నుదురు తుడుచుకున్నాడు.

కమిషనరు గారు సంతోషించబోయి ఆగిపోయారు.

"ఇది తీవ్రమైన విషయం," అన్నారు. "సస్పెన్షన్ కాలంలో సిబ్బంది విధులు నిర్వర్తించినట్టయితే అది నియమావళికి పూర్తి విరుద్ధం. ఉత్తర్వులిచ్చిన నేను, పర్యవేక్షించిన ఇనస్పెక్టరు, అందరం జవాబుదారీ అవుతాం. లోతైన దర్యాప్తు జరగాలి. అప్పటిదాకా ఎవరి లైసెన్సులూ కదలవు." భద్రయ్య వైపు తిరిగారు. "మీరు పక్కనే ఉంటారు. వ్యాపారస్తులు, పెద్దమనుషులు. ఈ చెత్తని ఎవరు తిన్నారు?"

భద్రయ్య తొట్టిలోకి చూశాడు. ఆ నల్లమట్టిలో ఒక పాము తల బయటపెట్టి, వెలుతురు తగలగానే లోపలికి లాక్కుంది. అది తన గొయ్యిలోదే. తన కాడలు తిని పెరిగిందే. దాని తరఫున ఒక మాట చెప్పాల్సింది తనే.

తక్కెడలో నిజాన్ని ఒకవైపు, శ్రావణం గెలల్ని రెండోవైపు వేసి చూశాడు. నిజం కుళ్లిపోయే సరుకు కాదు. కొన్నాళ్లు నిలవ ఉంచొచ్చు. గెల అలా కాదు.

"ఎవరూ తినలేదండి," అన్నాడు. "దానంతటదే పోయింది."

కమిషనరు గారు కళ్లు మూసుకుని ఆ మాటని రెండుసార్లు లోపల చదువుకున్నారు. తరవాత ఆయన ముఖంలోకి నెమ్మదిగా ఒక వెలుగు వచ్చింది. శిక్షణ నుంచి వచ్చిన రోజున ఉన్న వెలుగు.

ధ్రువపత్రం అక్కడికక్కడే తయారైంది. "కొత్తమాసు భద్రయ్య మండీకి చెందిన చెత్త, ఏ విధమైన సిబ్బంది ప్రమేయమూ లేకుండా, స్వచ్ఛందంగా నిష్క్రమించినట్టు ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది." దాన్ని బట్టి లైసెన్సు వచ్చింది. దాన్ని బట్టే వానపాముల అవసరం లేదని కూడా తేలింది. సస్పెన్షన్లో ఉన్నవాటిని ఆ సాయంత్రమే సేవల నుంచి తొలగించారు. వాటితో పాటే సొంత గోతుల మీది నిషేధమూ మూలపడింది.

"మరి ఈ మట్టి ఏం చేస్తారండి?" అని అడిగాడు భద్రయ్య.

"మాకెందుకు? మా రికార్డుల్లో ఇది లేదు," అన్నాడు త్రిమూర్తులు.

"ఊరికే తీసుకునే పద్దు లేదన్నారు. ఊరికే ఇచ్చే పద్దుందాండి?"

"అదీ లేదు. వదిలించుకునే పద్దుంది."

ఆ పద్దు కింద మట్టినీ, దాంట్లో ఉన్న మాజీ ఉద్యోగుల్నీ భద్రయ్య తన పాత గొయ్యికి తోలించుకున్నాడు. లంకరైతులు శ్రావణం గెలలు దింపి, తిరుగుబళ్లలో ఎరువు ఎత్తుకున్నారు. మాణిక్యాంబకి ఈ కథంతా చెప్పాక ఆవిడ ఒక్కటే అడిగింది. "అంత చాకిరీ చేస్తే, ఎవరూ చెయ్యలేదన్నారా?"

"లైసెన్సు మాణిక్యం."

"సరే. నేను చేసే వంట కూడా దానంతటదే అవుతోందని ఎక్కడైనా రాసిచ్చారేమో చూసుకోండి," అంది.

చెత్త దానంతటదే పోతుందని ప్రభుత్వ రికార్డుల్లోకి ఎక్కాక, దాన్ని ఎత్తడానికి మనుషులెందుకన్న ప్రశ్న సహజంగానే వచ్చింది. ఊరి చెత్తంతా కేంద్రంలోకి తోలించి, 'ఇచ్చట చెత్త స్వయంగా నిష్క్రమించును' అని బోర్డు పెట్టారు. సిబ్బంది లేని పారిశుధ్యానికి కమిషనరు గారికి సత్కారం జరిగింది. భాద్రపదం వచ్చేసరికి చెత్త గోడ ఎత్తు దాటింది. ఆశ్వయుజానికి వాసన కమిషనరు గారి బంగళాకి చేరింది. నిష్క్రమించనందుకు చెత్త మీద చర్య తీసుకోవడానికి వీల్లేదు. చర్య తీసుకోవడానికి వీలైనవాడు త్రిమూర్తులు ఒక్కడే.

సస్పెన్షన్ కాగితం జేబులో పెట్టుకుని ఆయన మండీకి వచ్చాడు. ఊరు దాటకూడదు, ఆఫీసుకి వెళ్లకూడదు, ఇంట్లో కూర్చుంటే భార్య ఊరుకోదు. వెనక గొయ్యి పక్కన ఖాళీ పళ్లబుట్ట బోర్లించుకుని కూర్చునేవాడు. మొదట్లో ఊరికే కూర్చునేవాడు. తరవాత ఒకరోజు పక్కకి పడిన కాడని కాలితో గొయ్యిలోకి తోశాడు. ఇంకోరోజు పట్టా జరిగి ఎండ పడుతుంటే సర్దాడు. భద్రయ్య చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. కార్తీకం గెలలు దిగేనాటికి ఆయన పంచె ఎగ్గట్టి, మోచేతుల దాకా పేడలో పెట్టి కలుపుతున్నాడు. జేబురుమాలు తలకి చుట్టుకున్నాడు. సర్వీసులో ఎన్నడూ కనపడని నిగనిగ ఒకటి మనిషి ముఖంలో కనపడుతోంది.

"బాగా కుదిరిందండి ఈ పొర," అన్నాడు భద్రయ్య.

త్రిమూర్తులు ఉలిక్కిపడి అటూ ఇటూ చూశాడు. "ఎవరికీ చెప్పకండి శెట్టిగారూ. సస్పెన్షన్లో ఉన్నవాణ్ణి పనిచేస్తూ దొరికానంటే ఉన్న ఉద్యోగం పోతుంది."

గట్టు మీద మునిసిపాలిటీ జీపు చప్పుడైంది. భద్రయ్య తొందరపడలేదు. పక్కనున్న తడి గోనెపట్టా ఒకటి దులిపి, గొయ్యి అంచున ముడుచుకున్న ఇనస్పెక్టరు మీద నిండా కప్పి, తన పని తాను చూసుకోవడానికి ముందుగదిలోకి వెళ్లిపోయాడు.